పెళ్లి కెమెరాతో కౌంటింగ్ హాల్లోకి

విశాఖపట్నం గోపాలపట్నంలో మాకో చిన్న స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, మధ్యమధ్యలో పాస్‌పోర్టు ఫోటోలు. ఇరవై ఏళ్లుగా ఇదే పని. 2023 మార్చిలో ఒక ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేశారు. ఎమ్మెల్సీ ఎన్నిక కౌంటింగ్‌కి వీడియోగ్రాఫర్లు కావాలి, రెండు కెమెరాలతో రాగలరా అని. రేటు అడిగితే పెళ్లికి తీసుకునేదాంట్లో సగం కూడా లేదు. అయినా ఒప్పేసుకున్నాను. ఆ రోజుల్లో బుకింగులు లేవు, పైగా కౌంటింగ్ హాల్ లోపల అసలేం జరుగుతుందో చూడాలని ఎప్పటినుంచో ఓ సరదా.

అది ఉత్తరాంధ్ర పట్టభద్రుల స్థానం. మార్చి 13న పోలింగ్, 16న స్వర్ణభారతి ఇండోర్ స్టేడియంలో లెక్కింపు. ఈవీఎంలు ఉండవు, అంతా కాగితమే. ఓటరు ముద్ర వెయ్యడు, బూత్‌లో ఇచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతో పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు వేస్తాడు. డిగ్రీ ఉన్న నాకూ అందులో ఓటుకి అర్హత ఉంది. అప్పటిదాకా నమోదు చేయించుకోలేదంతే.

ముందురోజు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి ఒక అధికారి చెప్పారు. మొదలుపెట్టిన రికార్డింగ్ ఆపకూడదు. ఎడిటింగ్ ఉండదు. ఓటు అంకె కనబడేలా జూమ్ చెయ్యకూడదు. కార్డు నిండితే అక్కడికక్కడే అప్పగించి సంతకం తీసుకోవాలి, ఒక్క ముక్క కూడా మన దగ్గర ఉంచుకోకూడదు. ఆయన చెప్పడం అయ్యాక అలవాటు కొద్దీ నోరు జారాను.

"సార్, చివర్లో హైలైట్స్ వీడియో ఏమైనా చేసివ్వాలా?"

హాలంతా ఘొల్లున నవ్వారు. ఆ రోజు నుంచి అక్కడివాళ్లకి నేను 'హైలైట్స్ మాస్టారు' అయిపోయాను.

16వ తేదీన తెల్లారకుండానే ఎన్ఏడీ జంక్షన్ దాటాం. నేనూ, మా మేనల్లుడూ. గేటు దగ్గర పాసులు చూశారు, ఫోన్లు డిపాజిట్ చేయించారు, కెమెరా బ్యాగుల్లో ప్రతి జిప్పూ విప్పించారు. మావాడు జేబులో దాచుకున్న పవర్ బ్యాంకు కూడా పోయింది. లోపల టేబుళ్లు వరసగా వేసి, అభ్యర్థుల తరఫు ఏజెంట్లకీ సిబ్బందికీ మధ్య ఇనప మెష్ కట్టారు. పైకప్పు నుంచి సీసీ కెమెరాలు. కింద మేము.

ఎనిమిదింటికి రిటర్నింగ్ అధికారి మైకు తీసుకుని ప్రజా ప్రాతినిధ్య చట్టం 128వ సెక్షన్ చదివారు. లెక్కింపులో ఉన్నవాళ్లెవరైనా ఓటు రహస్యం బయటపెడితే మూడు నెలల వరకూ జైలు అని. అందరూ లేచి నిలబడి విన్నారు. నేనైతే మాంగల్యధారణ తీసినంత శ్రద్ధగా తీశాను. ఆయన ముఖం, ఒక పక్క నుంచి వెలుతురు, వెనక జాతీయ జెండా. ఫ్రేమ్ బ్రహ్మాండంగా వచ్చింది. ఆ ఫ్రేమ్ ఎవరికీ పనికిరాదని సాయంత్రం దాకా తెలియలేదు.

తర్వాత పెట్టెలు. ఒక్కో పెట్టెకీ ఉన్న సీలు ఏజెంట్లకి చూపించి, అప్పుడు పగలగొడతారు. కాగితాలు టేబుల్ మీద కుమ్మరించి, ముందు ఎన్ని ఉన్నాయో మాత్రమే లెక్కపెడతారు. పోలింగ్ బూత్‌లో ఎన్ని ఇచ్చామని రాశారో అన్నీ ఉన్నాయా లేవా అని. ఎవరికి పడిందో ఇంకా ఎవరూ చూడరు. యాభై కాగితాలకో కట్ట. ఆ కట్టలన్నీ పెద్ద డ్రమ్ముల్లో వేసి కలుపుతారు, ఏ ఊరి బూత్‌లో ఎవరికి ఎక్కువ పడ్డాయో తెలియకుండా. కలిపాక టేబుల్‌కి వెయ్యి చొప్పున పంచుతారు.

చెప్పడానికి నాలుగు వాక్యాలు. జరగడానికి పొద్దున్నుంచి చీకటి పడేదాకా పట్టింది. మధ్యాహ్నం భోజనాల వేళకి బయట టీవీవాళ్లు గేటు పట్టుకుని "ఎవరు లీడింగ్?" అని అరుస్తున్నారు. లోపల ఒక్క ఓటు కూడా ఇంకా లెక్కపెట్టలేదు. అది చెప్తే వాళ్లు నమ్మలేదు.

అసలు లెక్కింపు మొదలయ్యాక నాకు నిజంగా నచ్చింది చెల్లని ఓట్ల పంచాయితీ. ఒక్క కాగితం పైకెత్తి మెష్‌కి అటువైపున్న ఏజెంట్లకి చూపిస్తారు. చెల్లుతుందా, చెల్లదా? టిక్కు పెట్టినవి చెల్లవు. '1' అంకె లేకుండా 2, 3 వేసినవి చెల్లవు. ఇద్దరికి 1 వేసినవీ అంతే. కొందరు అంకెకి బదులు 'ఒకటి' అని అక్షరాల్లో రాశారు, అదీ పోయింది. ఒకాయన కింద చక్కగా సంతకం పెట్టాడు, బ్యాంకు చెక్కు అనుకున్నాడో ఏమో. సొంత బాల్ పెన్నుతో రాసినవి కూడా పక్కన పెట్టారు. డిగ్రీలు చదివినవాళ్ల ఎన్నిక ఇది! ఇలాంటివి వేలల్లో వచ్చాయి.

అన్నిటిలోకీ ఒక కాగితం గుర్తుండిపోయింది. పేరు పక్కన కింద నోరు తెరిచిన సున్నాలాంటిదేదో ఉంది. కుర్ర ఏజెంటు వెంటనే "ఇది సున్నా, చెల్లదు" అన్నాడు. టేబుల్ దగ్గరున్న పెద్దాయన కళ్లజోడు సవరించుకుని "బాబూ, ఇది తెలుగు ఒకటి, ౧" అన్నారు. సహాయ రిటర్నింగ్ అధికారి (ఏఆర్వో) వచ్చారు, నిబంధనల పుస్తకం వచ్చింది. మామూలు అంకెలైనా, రోమన్ అంకెలైనా, ఏ భారతీయ భాష అంకెలైనా చెల్లుతాయని అందులో ఉంది. ఓటు నిలిచింది. ఆ కుర్రాడు మాత్రం "మాకు బళ్లో ఇవి చెప్పలేదు సార్" అన్నాడు. నిజమే, నాకూ చెప్పలేదు. మా నాన్నగారి పాత పంచాంగంలో చూసి గుర్తుపట్టానంతే.

గొడవ రాత్రి తొమ్మిది దాటాక వచ్చింది.

నాకు అప్పగించింది నాలుగు టేబుళ్లు. చేత్తో కెమెరా పట్టుకుని ఆ వరసలోనే అటూ ఇటూ తిరుగుతూ తియ్యాలి. మూడో టేబుల్ దగ్గర ఒక ఏజెంటు లేచి, మా అభ్యర్థి కట్ట ఒకటి పక్కవాడి గడిలో పెట్టేశారు, నేను కళ్లారా చూశాను అని పట్టుకున్నాడు. సూపర్‌వైజరు లేదంటారు, ఇతను ఉందంటాడు. అవతలి పార్టీ ఏజెంటు మధ్యలో దూరి గొంతు పెంచాడు. పోలీసు వచ్చి నిలబడ్డాడు. ఏఆర్వో మేడమ్ అందరినీ కూర్చోమని, నా వైపు తిరిగారు.

"వీడియో ఉందిగా, చూపించండి."

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. కెమెరా చిన్న తెర తిప్పి వెనక్కి జరిపాను. అందరూ తలలు వంచి చూశారు. ఏం కనబడింది? సూపర్‌వైజరు గారి ముఖం. పక్క నుంచి ఏజెంటు ముఖం, వేలు చూపిస్తున్నాడు. మళ్లీ సూపర్‌వైజరు, నుదుటి మీద చెమట. అవతలి ఏజెంటు లేస్తున్నాడు, అతని కోపం చాలా బాగా పడింది. కట్ట చేతిలోంచి గడిలోకి వెళ్లిన ఆ మూడు సెకన్లూ ఎక్కడా లేవు. ఆ మూడు సెకన్లూ నేను ఎవరి కళ్లు తీస్తున్నానో కూడా ఆ వీడియోలోనే కనబడుతోంది.

ఇరవై ఏళ్ల అలవాటు అది. పెళ్లిలో ఎవరైనా ఏదైనా ఇస్తుంటే మనం చెయ్యి తియ్యం, తీసుకునేవాళ్ల ముఖం తీస్తాం. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు కూడా పెళ్లికూతురి కళ్లే. అప్పగింతలైతే ఇక చెప్పక్కర్లేదు.

సరే సీసీ కెమెరా చూద్దామన్నారు. కంట్రోల్ రూములోకి నన్నూ తీసుకెళ్లారు. పైనుంచి తీసింది కాబట్టి అంతా ఉంటుందనుకున్నాం. తలలు ఉన్నాయి. కాగితం చూడటానికి ముగ్గురూ ఒకేసారి ముందుకి వంగేసరికి టేబుల్ మీద మూడు నల్ల తలలు తప్ప ఏమీ లేదు. ఒకటి బట్టతల.

చివరికి తేల్చింది కాగితమే. గొడవపడ్డ రెండు గడుల్లో కట్టలన్నీ బయటికి తీసి, మెష్ దగ్గర పెట్టి, మళ్లీ ఒక్కొక్కటీ తిప్పారు. కట్టలు ఎవరివి వాళ్లవే. ఏజెంటు పొరబడ్డాడు. కానీ ఒక కట్టలో యాభైకి బదులు యాభై ఒకటి ఉన్నాయి, మరోదాంట్లో నలభై తొమ్మిది. సరిచేశారు. ఏజెంటు తగ్గలేదు. "చూశారా, తిప్పబట్టే దొరికింది" అన్నాడు. అతనన్నది కరెక్టే కదా అనుకున్నాను. పైకి అనలేదు, నా పని అది కాదు.

ఏఆర్వో మేడమ్ నన్ను తిట్టలేదు. "బాబూ, మా ముఖాలు మీకెందుకండీ, చేతులు తియ్యండి" అన్నారంతే. దానికంటే తిట్టినా బాగుండేది.

అక్కడితో ఆ రాత్రి అయిపోతే బాగుండు. పదకొండుకి కార్డు నిండింది. మార్చడానికి, బ్యాటరీ వెయ్యడానికి, పాత కార్డు కవర్లో పెట్టి సంతకం చేయించడానికి కొంత టైము పోయింది. అదే ఏజెంటు (ఇప్పుడతని కన్నంతా నా మీదే) "మీ వీడియోలో మధ్యలో పదిహేను నిమిషాలు లేదు" అన్నాడు. లేదు సార్, నాలుగే నిమిషాలు అన్నాను. చూస్తే తెర మీద టైము నిజంగానే పదిహేను నిమిషాలు ఎగిరింది. గుండె జారిపోయింది. అరగంట బుర్ర గోక్కున్నాక అర్థమైంది. కార్డు మార్చేటప్పుడు నేను మా మేనల్లుడి కెమెరా తీసుకున్నాను. నా కెమెరా గడియారం సరిగ్గానే ఉంది, వాడిది పదకొండు నిమిషాలు ముందు. పెళ్లిళ్లలో కెమెరా గడియారం ఎవడు చూస్తాడు? ముహూర్తానికి పంతులుగారి చేతి వాచీయే ప్రమాణం.

రెండు కెమెరాలూ తీసుకెళ్లి హాలు గోడ గడియారం ముందు పెట్టి తేడా చూపించాక గానీ అతను శాంతించలేదు. ఆ తేడా కాగితం మీద రాయించి, నాతో సంతకం పెట్టించారు.

అర్ధరాత్రి దాటాక మావాణ్ణి పంపి ఒక ఎత్తు స్టూలు తెప్పించాను. టేబుల్ చివర, సిబ్బంది భుజాలకి పైగా కెమెరా ఉండేలా, కొంచెం కిందకి వంచి. ఇప్పుడు చేతులు, కట్టలు, గడులు మూడూ ఒకే ఫ్రేములో. అంకెలు చదవడానికి రాకుండా దూరం చూసుకున్నాను. తిరగడం మానేశాను. రెండు టేబుళ్లకి ఒక కెమెరా, కదలకుండా. మావాడు ఆవలిస్తూ "మావయ్యా, ఇది బ్యాంకు సీసీటీవీలా ఉంది" అన్నాడు. అలాగే ఉండాలిరా అన్నాను. ప్రతి కార్డు మొదట్లో ఐదు సెకన్లు గోడ గడియారం, చివర్లో ఐదు సెకన్లు మళ్లీ గోడ గడియారం. ఆ తర్వాత ఏ ఏజెంటూ నా దగ్గరికి రాలేదు.

లెక్కింపు ఒక రోజుతో అవలేదు. చెల్లిన ఓట్లలో సగానికి పైన ఒకటి రావాలి గెలవడానికి. తొలి ప్రాధాన్యంతో ఎవరికీ అన్ని రాలేదు. అప్పుడు అడుగున ఉన్న అభ్యర్థిని తీసేసి, అతని కట్టలు విప్పి, ఒక్కో కాగితంలో 2 ఎవరికుందో చూసి వాళ్ల గడిలో వేస్తారు. తర్వాత ఆ పైవాడు. బరిలో ముప్పైమందికి పైగా ఉన్నారు, అందులో కొందరి కట్ట గుప్పెడు కూడా లేదు. ఒక్కొక్కణ్ణీ తీసేసేటప్పుడు మైకులో పేరు చదువుతారు. అర్ధరాత్రి ఆ పేర్లు వింటుంటే ఏదోలా ఉంటుంది. చివరికి వేపాడ చిరంజీవిరావు గారు రెండో ప్రాధాన్యంతో గెలిచారు. అప్పటికి నా కాళ్లు నావి కావు. డబ్బులు ఏజెన్సీ నుంచి నాలుగు నెలలకి, అదీ మూడు దఫాలుగా వచ్చాయి.

ఆ తర్వాతి ఏడాది ఫిబ్రవరిలో ఫోన్‌లో చండీగఢ్ వీడియో చూశాను. మీలో చాలామంది చూసే ఉంటారు. 2024 జనవరి 30న అక్కడ మేయర్ ఎన్నిక జరిగింది. మొత్తం 36 ఓట్లు, మా ఒక్క కట్ట కూడా కాదు. ఆప్, కాంగ్రెస్ కలిసి 20, బీజేపీ వైపు 16. ప్రిసైడింగ్ అధికారి అనిల్ మసీహ్ 8 ఓట్లు చెల్లవన్నారు. ఆ ఎనిమిదీ ఒకే వైపువి. 20 కాస్తా 12 అయి, 16 వచ్చినవాళ్లు గెలిచారు. బల్ల మీదికి పెట్టిన కెమెరాలో ఆయన పెన్నుతో కాగితాల మీద గీతలు పెట్టడం కనిపించింది. సుప్రీంకోర్టు ఆ వీడియో చూసింది, ఆ బ్యాలెట్లు తెప్పించుకుని చూసింది, ఫిబ్రవరి 20న ఆ ఎనిమిదీ చెల్లుతాయని చెప్పి కుల్దీప్ కుమార్‌ని మేయర్‌గా ప్రకటించింది.

అందరూ ఆయన తలెత్తి కెమెరా వైపు చూడటం గురించే మాట్లాడుకున్నారు. నేను చూసింది వేరు. ఆ కెమెరా కదల్లేదు. ఎవరి ముఖం కోసమూ వెతకలేదు. చెయ్యీ, పెన్నూ, కాగితమూ ఒకే చోట పడ్డాయి. నేను ఉండి తిరుగుతూ తీసి ఉంటే ఆయన కళ్లు అద్భుతంగా వచ్చేవి, పెన్ను వచ్చేది కాదు. ఆ వీడియో మావాడికి నాలుగుసార్లు చూపించాను. ఇంకో మాట, వీడియో ఒక్కటే అయితే కోర్టు అంత గట్టిగా చెప్పగలిగేదా? కాగితాలు కూడా ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూడబట్టే తేలింది.

ఆ జూన్ 4న మళ్లీ పిలుపు వచ్చింది. ఈసారి అసెంబ్లీ, పార్లమెంటు కలిపి, ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో. నాకు గాజువాక హాలు పడింది. పద్నాలుగు టేబుళ్లు, ఈసారి మెషీన్లు. నేను ఈసారి స్టూలు ఇంటి నుంచే తీసుకెళ్లాను. గేటు దగ్గర కానిస్టేబుల్ దాన్ని తలకిందులు చేసి మరీ చూశాడు.

ఎనిమిదింటికి పోస్టల్ బ్యాలెట్లతో మొదలు. ఆ ఏడాది వాటి మీద రాష్ట్రమంతా టెన్షన్. ఉద్యోగి ఇచ్చే డిక్లరేషన్, ఫారం 13ఏ మీద ధ్రువీకరించిన అధికారి సంతకం ఒక్కటి ఉంటే చాలా, పేరూ ముద్రా కూడా ఉండాలా అని. సంతకం చాలని ఎన్నికల సంఘం అంది. దాని మీద కేసు హైకోర్టుకి వెళ్లి, జూన్ 3న, అంటే సరిగ్గా ముందురోజు, సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోననడంతో ముగిసింది. అందుకని ఆ టేబుల్ దగ్గర ఏజెంట్లు కవరు కవరుకీ మెడలు చాస్తున్నారు. పెద్ద కవరు తెరిచి ముందు డిక్లరేషన్ చూస్తారు. అది సరిగ్గా ఉంటేనే లోపలి చిన్న కవరు తెరుస్తారు. నా స్టూలు అక్కడే వేశాను. డిక్లరేషన్ ఒక దొంతర, చిన్న కవర్లు ఒక దొంతర. ఆ రెండు దొంతరలూ కలవకుండా ఉండటం కనబడితే చాలు, ఎవరి ఓటు ఎవరిదో తెలియదు. అడిగినవాళ్లు ఒకరిద్దరికి తెర తిప్పి చూపించమని అధికారే చెప్పారు. చూసి కూర్చున్నారు.

ఎనిమిదిన్నర నుంచి మెషీన్లు. దీని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సీలు చూపిస్తారు, నంబరు, బూత్‌లో పోలైన ఓట్ల లెక్క రాసిన ఫారం 17సీతో సరిపోయిందా చూస్తారు, రిజల్ట్ బటన్ నొక్కుతారు, ఏజెంట్లు రాసుకుంటారు. కాగితం లెక్కింపులో ఉన్న కంగారు, వాదన, చెమట ఇందులో లేవు. తప్పు జరిగితే చేతుల్లో కనబడేది కాదు మరి. కెమెరా ఇక్కడ పట్టగలిగేది సీలూ, నంబరూ, మెషీను ఏ టేబుల్ నుంచి ఏ టేబుల్‌కి వెళ్లిందీ. అవే తీశాను.

మధ్యాహ్నానికి హాలు పల్చబడిపోయింది. గాజువాకలో పల్లా శ్రీనివాసరావు గారి మెజారిటీ 95,235. ఎంపీగా శ్రీభరత్ గారిది 5,04,247. అంత తేడా కనబడుతుంటే ఓడేవాళ్ల ఏజెంట్లు ఎందుకుంటారు? గెలిచేవాళ్లవి కూడా సగం కుర్చీలు ఖాళీ, బయట బాణసంచాకి పోయారు. అసలు చూడాల్సింది ఆ తర్వాతే ఉంది. అన్ని రౌండ్లూ అయ్యాక నియోజకవర్గానికి ఐదు బూత్‌లు చీటీ తీసి ఎంచుకుని, వాటి వీవీప్యాట్ స్లిప్పులు (ఓటు వేసినప్పుడు ఎవరికి పడిందో అచ్చయ్యే చీటీలు) చేత్తో లెక్కిస్తారు. 2019లో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి ఆ ఐదు. బ్యాంకు క్యాషియర్ గదిలాగా మెష్‌తో ఒక బూత్ కడతారు. ఆ స్లిప్పులు వేడితో అక్షరాలు పడే కాగితం మీద అచ్చయినవి, బస్సు టికెట్టంత సున్నితం. మెషీను లెక్కని కాగితంతో సరిచూసే ఒకే ఒక్క ఘట్టం అది. మెష్ ముందు ఇద్దరే ఏజెంట్లున్నారు, అందులో ఒకరు కునుకు తీస్తున్నారు.

"మావయ్యా, ఎవరూ లేరు కదా, ఇంక తియ్యాలా?" అన్నాడు మావాడు.

తీశాం. చివరి స్లిప్పు దాకా.

2025లో మళ్లీ కాగితం. ఉపాధ్యాయ ఎమ్మెల్సీ, ఫిబ్రవరి 27న పోలింగ్, మార్చి 3న లెక్కింపు. గాదె శ్రీనివాసులు నాయుడు గారు గెలిచారు, ఇక్కడ కూడా రెండో ప్రాధాన్యం దాకా వెళ్లింది. టీచర్ల కౌంటింగ్ ఇంకో రకం. ఏజెంట్లంతా మాస్టార్లే, జవాబు పత్రాలు దిద్దిన కళ్లు. ఒక్క కట్ట కూడా వాళ్లు లెక్కపెట్టకుండా పోలేదు. నా పని హాయిగా జరిగింది.

ఆ జూన్‌లో ఒక సాయంత్రం ఒక పెద్దాయన స్టూడియోకి వచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు, ఆ కౌంటింగ్‌లో ఏజెంటుగా కూర్చున్నారట. నా స్టూలు గుర్తుపట్టి, అక్కడివాళ్లని అడిగి ఊరూ పేరూ తెలుసుకుని వచ్చారు. ఆయన టేబుల్ దగ్గర ఒక కట్ట విషయంలో అప్పుడు ఊరుకున్నారట, తర్వాత నిద్రపట్టడం లేదట. కేసు వెయ్యడానికి కాదు, ఒక్కసారి చూసుకోవాలి అన్నారు.

"నా దగ్గర ఏమీ లేదు మాస్టారూ. కార్డులతో సహా ఇచ్చేశాను."

"పెళ్లి వీడియో అయితే ఎన్నాళ్లు దాస్తావు?"

"ఐదేళ్లు. కొందరివైతే పదేళ్లవి కూడా ఉన్నాయి. విడాకుల కేసులకి కూడా వచ్చి అడుగుతారు."

"మరి ఇది?"

నాకు తెలిసింది చెప్పాను. 2024 డిసెంబరులో ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 93వ నిబంధన మార్చారు. సీసీటీవీ, వీడియో లాంటివి ఎవరు పడితే వాళ్లు అడిగి చూసే పత్రాల్లోకి రావు. ఇంక 2025 మే 30న ఎన్నికల సంఘం రాష్ట్రాలకి రాసింది, ఫలితం వచ్చిన 45 రోజుల్లో ఎన్నికల పిటిషన్ పడకపోతే ఆ వీడియోలు తీసెయ్యొచ్చని. పిటిషన్ వెయ్యడానికి చట్టంలో ఉన్న గడువు కూడా ఆ 45 రోజులే. ఓటర్ల ముఖాలు బయటికి పోతాయనీ, వీడియోలు ముక్కలు చేసి తప్పుడు ప్రచారానికి వాడతారనీ వాళ్లు చెప్పే కారణం. పోలింగ్ బూత్ విషయంలో అది నాకూ సబబే అనిపిస్తుంది. లైన్లో నిలబడ్డ ఆడవాళ్ల ముఖాలు ఎవడి ఫోన్లోనో తిరగకూడదు. కానీ కౌంటింగ్ హాల్లో ఓటరు ఎవరున్నారు? ఉన్నది సిబ్బంది, ఏజెంట్లు, కట్టలు. నేను తీసినవాటిలోనైతే ముఖాలు కూడా లేవు, ఉన్నవన్నీ చేతులే.

మాస్టారు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. మార్చి, ఏప్రిల్, మే. "దాటిపోయిందన్నమాట" అన్నారు.

టీ తెప్పించాను. తాగుతూ ఆ కట్ట సంగతి మొత్తం చెప్పారు. ఎవరు తీశారో, ఏ గడి పక్కన పెట్టారో, ఎవరు అడ్డం వచ్చారో. నాకు ఆ టేబుల్ గుర్తుంది. ఆ కట్ట మాత్రం గుర్తులేదు. నాలుగు టేబుళ్ల మీద అన్ని గంటల్లో కొన్ని వందల కట్టలు కదిలాయి. స్టూలు మీద కెమెరా ఉంది కదా అని నేను ఆ టైములో టిఫిన్ తింటూ కూడా ఉండొచ్చు.

లేచి వెళ్లబోతూ ఆగి, జేబులోంచి పాత కార్డు తీశారు. పింఛను లైఫ్ సర్టిఫికెట్‌కి ఫోటో కావాలట, ఎలాగూ వచ్చాను కదా అన్నారు. కుర్చీలో కూర్చోబెట్టి, లైటు వేసి, గడ్డం కొంచెం పైకెత్తమన్నాను.

"ముఖం తీస్తావా, చేతులు తీస్తావా?" అన్నారు.